పంపు హౌసు మార్చ్‌లో కత్తెరలు

చుక్కమ్మకి సంగీతం రాదు. ఆ మాట ఎవరూ అడక్కముందే ఆవిడే చెప్పేసేది. ఆవిడ ఉద్యోగం ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం. మందుల డబ్బాల్లో ఎనిమిది మడతలు పెట్టి ఇరికించే పల్చటి కాగితం ఉంటుంది చూడండి, కొన్నవాళ్ళెవరూ విప్పని కాగితం, దాన్ని పద్దెనిమిదేళ్ళుగా చివరి అక్షరం దాకా చదువుతున్న మనిషి. ఒకసారి "2.5" ఉండాల్సిన చోట చుక్క ఎగిరిపోయి "25" అని పడితే పట్టుకుంది. అప్పట్నుంచీ అసలు పేరు మరుగున పడి చుక్కమ్మగా స్థిరపడిపోయింది.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆవిడతో పాటు మేనమామ ఉంటాడు. నీటి సరఫరా శాఖలో వాల్వులు తిప్పే పని చేసి రిటైరైన మనిషి. ఆ శాఖకి ఇరవై ముగ్గురు మనుషుల బ్యాండు ఒకటి ఉంది. మావయ్య అందులో ముప్పై నాలుగేళ్ళు క్లారినెట్ వాయించి, కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక ఊదడం కుదరక మానేశాడు. ఆయన జన్మలో కట్టిన బాణీ ఒక్కటే: మూడో నంబరు పంపు హౌసు ప్రారంభోత్సవానికి ఒక మార్చ్. అది ముప్పై ఒక్క ఏళ్ళ నాటి సంగతి. శాఖ వార్షికోత్సవంలో బహుమతులు పంచుతున్నంతసేపూ ఏటా దాన్నే వాయిస్తారు. జనం అప్పుడే కుర్చీలు జరుపుకుంటారు, పిల్లల్ని వెతుక్కుంటారు.

ఇప్పుడు ఆ పంపు హౌసులో కొత్త మోటార్లు బిగించారు. మళ్ళీ ప్రారంభోత్సవం, మళ్ళీ మార్చ్. కానీ స్వరాలు రాసిన కాగితాలు పీలికలైపోయాయి. అతికించిన టేపు పసుపు పచ్చగా మారి, టేపు కింద స్వరాలు మాయమైపోయాయి. బ్యాండ్‌మాస్టరు, అంటే శాఖలో మీటర్ల ఇన్స్‌పెక్టరే, ఇంటికొచ్చి ఆ కట్టని బల్ల మీద పెట్టి, ఏదైనా చెయ్యగలరా అని మావయ్యని అడిగాడు. మావయ్య చెయ్యి వణుకుతుంది. ఆయన నోరు తెరిచేలోపు చుక్కమ్మ అందుకుని, తను చేసిపెడతానంది.

"నీకు సంగీతం రాదుగా అమ్మడూ," అన్నాడు మావయ్య.

"తేడా పట్టడం వచ్చు. అక్కడున్నది ఇక్కడుందా లేదా అన్నదేగా."

ఈ పనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుందని అచ్చాఫీసులో కంపోజింగ్ చేసే అతను చెప్పాడు. అందులో బొమ్మలు గీయడం ఉండదు. ఏ స్వరమో ఒక అక్షరం, ఎంతసేపో ఒక అంకె, అలా పేజీలకి పేజీలు టైపు చేసి ఒక్క మీట నొక్కితే, అదే అయిదు గీతలూ గీసి, స్వరాల తలలు పెట్టి, కాడలు తగిలించి, పీడీఎఫ్ చేసి ఇస్తుంది. చుక్కమ్మకి ఆ పద్ధతి చాలా నచ్చింది. ఆరు వారాల పాటు ఆఫీసు నుంచి రాగానే కూర్చుని, పద్నాలుగు వాయిద్యాల భాగాలూ టైపు చేసింది. మావయ్య పక్కన కుర్చీ వేసుకుని, పాత కాగితాన్ని భూతద్దంతో చూస్తూ ఒక్కో స్వరం పైకి చదివేవాడు. టేపు కింద పోయినవి కళ్ళు మూసుకుని జ్ఞాపకం చేసుకుని చెప్పేవాడు.

మొదటి పీడీఎఫ్ చూసి చుక్కమ్మకి ప్రాణం ఉసూరుమంది. పెద్దది చేసి చూస్తే స్వరాల అంచులు ఎలుకలు కొరికిన బిస్కెట్లలా ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ ఫోరంలో అడిగింది. వాళ్ళు మహా ఓపికమంతులు. "ముసలి ట్యూబా" అనే మారుపేరుతో రాసే ఆయన వివరంగా జవాబిచ్చాడు: మీ ఫాంటు చుక్కలు పేర్చి చేసింది, దాన్ని తీసేసి గీతలతో చేసిన ఫాంటు పెట్టండి, ఎంత పెద్దది చేసినా నున్నగా ఉంటుంది. ఆవిడ అలాగే చేసింది. ఈసారి స్వరాలు నల్లద్రాక్షల్లా వచ్చాయి. కానీ ఫైలు బరువెక్కింది. శాఖవాళ్ళ మెయిలు అంత బరువు పుచ్చుకోనని తిప్పికొట్టింది. "ఫాంటుని ఫైల్లోనే ఉంచు" అన్న చోట టిక్కు తీసేస్తే తేలికవుతుందని ఎక్కడో చదివి ఆ టిక్కు తీసేసింది. తన కంప్యూటర్‌లో మళ్ళీ తెరిచి, ప్రతి పేజీ రెండుసార్లు సరిచూసింది. ఒక్క తప్పు కనబడలేదు. పంపేసింది.

కనబడదు మరి. ఆ ఫాంటు ఆవిడ కంప్యూటర్‌లో ఉంది. ఫైల్లో లేదు.

తర్వాత మూడు వారాలు బ్యాండ్‌మాస్టరు నుంచి ఆవిడకి ఒక్క మాట లేదు. మావయ్యకి మాత్రం ఫోన్లే ఫోన్లు. మోగగానే ఆయన బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకునేవాడు. ఒక్కో ఫోను అరగంట. రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఆయన బాల్కనీలో నిలబడి, "కాదండీ, కవరు అంటే మూసిన కవరు. అందులో ఏముందో బయటికి తెలియకూడదు," అనడం ఆవిడ చెవిన పడింది. పెన్షను కాగితాల సంగతేమోలే అనుకుని ఊరుకుంది.

నాలుగో వారంలో, తన చేతిపని ఎలా మోగుతోందో వినాలనిపించి, ఆఫీసు నుంచి నేరుగా రిహార్సల్‌కి వెళ్ళింది. అది శాఖవాళ్ళ మీటర్లు బాగుచేసే షెడ్డు. గోడల పొడుగునా అరల్లో పాడైన నీటి మీటర్లు, మధ్యలో రకానికొకటి చొప్పున ఇరవై మూడు కుర్చీలు. ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది.

బ్యాండ్‌మాస్టరు కర్ర ఎత్తాడు. అందరూ ఒక్కసారిగా కుడివైపుకి తిరిగి గోడని చూశారు. మళ్ళీ ముందుకి తిరిగారు. అప్పుడు వాయించడం మొదలైంది. ఒక్కో స్వరం కసుక్కుమని తెగిపోతోంది. మధ్యలో హఠాత్తుగా అంతా ఆగారు. డ్రమ్ములాయన సైకిల్ బెల్లు ఒకటి తీసి ట్రింగుమనిపించాడు. అందరికన్నా పెద్దాయన, ట్యూబా అనే పెద్ద బాకా వాయించే ఆయన, దాన్నుంచి మూతి తీసి, గంభీరంగా, "హలో," అన్నాడు. మళ్ళీ సంగీతం సాగింది.

చుక్కమ్మ దగ్గరున్న స్టాండు దాకా వెళ్ళి కాగితం చూసింది. అయిదు గీతలూ చక్కగా ఉన్నాయి. కాడలు నిటారుగా ఉన్నాయి. ప్రతి కాడ చివరా, స్వరం తల ఉండాల్సిన చోట, చిన్న నల్ల కత్తెర ఉంది. బోలుగా ఉండాల్సిన పొడుగు స్వరాల చోట తపాలా కవర్లు. విరామం ఉన్న చోటల్లా టెలిఫోను. ప్రతి వరుస మొదట్లో ఉండాల్సిన మెలికల గుర్తు పోయి, చూపుడు వేలు కుడివైపుకి చాచిన చెయ్యి ఒకటి కూర్చుంది.

ఆవిడకి జరిగింది మరుక్షణమే అర్థమైంది. అసలు ఫాంటు దొరక్క, శాఖవాళ్ళ కంప్యూటర్ తన దగ్గరున్న బొమ్మల ఫాంటుని ఆ స్థానంలో పెట్టేసింది. పద్దెనిమిదేళ్ళలో ఇంత పెద్ద తప్పు ఆవిడ చేతి మీదుగా ఎన్నడూ బయటికి పోలేదు.

రిహార్సల్ ఆగాక బ్యాండ్‌మాస్టరుని పక్కకి పిలిచి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. రాసింది రాసినట్టు వాయించాలన్నది ఆయన జీవితంలో ఏకైక సూత్రం. పాత కాగితంలో టేపు కింద మూడు స్వరాలు కనబడకపోతే, అక్కడ అంతసేపూ బ్యాండు మొత్తాన్ని పదకొండేళ్ళుగా నోరుమూయించిన మనిషి.

"మీరు పొరబడుతున్నారమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "తప్పు అయితే ఒకచోట ఉంటుంది. ఇది పద్నాలుగు భాగాల్లోనూ ఒక్కలాగే ఉంది. ఎక్కడ నల్ల స్వరం ఉండాలో అక్కడే కత్తెర. ఒక్కటైనా తప్పలేదు. ఇంత క్రమంగా తప్పు ఎవరు చేస్తారు?"

"కంప్యూటర్ చేస్తుందండీ."

"పైగా నేను గురువుగారికి, అదే మీ మావయ్యగారికి, ఫోన్ చేసి కనుక్కున్నాను. ప్రతిదానికీ ఆయన అర్థం చెప్పారు."

చుక్కమ్మ ఇంటికి నడిచే వచ్చింది. మావయ్య వంటగదిలో కూరగాయలు తరుగుతున్నాడు. షెడ్డు నుంచి తెచ్చిన కాగితం బల్ల మీద పరిచి, ఇదేమిటని అడిగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తనకి తెలియనట్టు కాసేపు చూశాడు. ఆ తర్వాత కళ్ళజోడు తీసేశాడు.

మొదటి ఫోను వచ్చినప్పుడు ఆయనకీ ఏమీ అర్థం కాలేదట. కత్తెరకి అర్థమేమిటి గురువుగారూ అని బ్యాండ్‌మాస్టరు అడిగితే, ఏ కత్తెర అని అడగబోయి, ఎందుకో ఆగి, మీకేమనిపిస్తోంది అన్నాడట. స్వరాన్ని పట్టుకుని కత్తిరించినట్టు ఆపెయ్యాలనిపిస్తోంది అన్నాడట ఆయన. అదే, అన్నాడు మావయ్య. మర్నాడు క్లారినెట్లవాళ్ళు ఫోన్ చేశారు. ఆ మర్నాడు ట్రాంబోన్లవాళ్ళు.

"కనీసం నాకైనా చెప్పాలిగా, తప్పు పడిందని," అంది చుక్కమ్మ. "నా పరువు ఏం కావాలి? అది నా చేతి పని."

మావయ్య కత్తిపీట పక్కకి జరిపాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా వాయిస్తున్నారమ్మడూ. ఒక్కడు, ఒక్కసారైనా, ఇక్కడ ఏమనుకుని రాశావని అడిగాడా? బహుమతులు పంచడానికి వాయించారు. ఈ మూడు వారాల్లో ఇరవై ముగ్గురూ అడిగారు. ట్యూబా ఆయన రెండుసార్లు అడిగాడు. నేను చెబుతుంటే రాసుకున్నాడు కూడాను."

ఆవిడ అన్నం తిని, ఎంగిలి పళ్ళేలు కడిగి, గదిలోకి వెళ్ళి టిక్కు పెట్టి, మొత్తం పద్నాలుగు భాగాలూ సరైన పీడీఎఫ్‌గా చేసింది. ద్రాక్షపళ్ళలాంటి స్వరాలు. బరువుకి భయపడి నాలుగు మెయిళ్ళుగా విడగొట్టి పంపింది. మర్నాడు బ్యాండ్‌మాస్టరు జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీరు పంపిన తొలి చిత్తుప్రతి అందింది, భద్రపరుస్తాము, వాయించడానికి మాత్రం పూర్తి ప్రతినే వాడుకుంటాము అని రాశాడు.

రెండు రోజులకి ఆయనే స్వయంగా ఇంటికొచ్చాడు. మోచేతికి కట్టు ఉంది. కుర్చీల్లో కూర్చుని వాయించినప్పుడు ఏ గొడవా లేదట. ప్రారంభోత్సవానికి నడుస్తూ వాయించాలి కాబట్టి నిన్న షెడ్డు ముందు ఆవరణలో నడిపించి చూశారు. వరుస మొదట్లో చెయ్యి వచ్చినప్పుడల్లా కుడివైపుకి తిరగాలి కదా. క్లారినెట్ కాగితంలో పదహారు వరుసలున్నాయి, ట్రాంబోన్ కాగితంలో పదకొండు. ఎవరి చెయ్యి వాళ్ళకి వచ్చినప్పుడు వాళ్ళు తిరిగారు. క్లారినెట్లు ట్రాంబోన్ల మధ్యలోంచి పోయాయి. ట్యూబా సైకిళ్ళ స్టాండులోకి వెళ్ళిపోయింది. డ్రమ్ములాయన కాగితం మొత్తం అయిదే వరుసలు. ఆయన తిరగాల్సిన చెయ్యి ఎంతకీ రాక, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళి, మందుల షాపు దాకా వాయించుకుంటూ పోయాడు.

"అందరికీ వరుసలు ఒకే చోట విరిగేలా చెయ్యగలరా అమ్మా?" అని అడిగాడు బ్యాండ్‌మాస్టరు. "అలాగే కత్తెరలు కొంచెం పెద్దవిగా. ట్యూబా ఆయనకి చూపు తక్కువ."

మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇటు తిరగలేదు. ఆయన మెడ మీద, కొత్తగా గీసుకున్న గడ్డం కింద, చిన్న గాటు కనబడింది చుక్కమ్మకి. ఆవిడ కాగితం తీసుకుని, ఎన్నో తారీఖుకి కావాలని అడిగింది.

చేస్తే నికరంగా చెయ్యాలన్నది ఆవిడ నైజం. తప్పున పడిన కత్తెరలు చూడ్డానికి ఘోరంగా ఉన్నాయి: కాడ పక్కకి జరిగి ఉంది, పిడి గీతల మధ్య ఇరుక్కుంది. కావాలని పెట్టే కత్తెర అలా ఉండకూడదు. ఫోరంలో అడిగింది, స్వరం తలకి బదులు కత్తెర పెట్టడం ఎలాగని. ఎందుకని ఎవరూ అడగలేదు. ముసలి ట్యూబా గంటలో ఇరవై వరుసల ఆదేశాలు రాసి పంపాడు. కాడ పిడికి తగలాలా, కత్తెర మొనకి తగలాలా అని చర్చ మొదలైంది. నలభై ఒక్క జవాబులు వచ్చాయి. పొట్టి స్వరానికి కత్తెర మూసి ఉండాలని ఒక వర్గం, తెరిచి ఉండాలని ఒక వర్గం. ఒకాయన అలిగి ఫోరం మానేశాడు. వారం తర్వాత తిరిగొచ్చి, కవరుకి అంచులు గుండ్రంగా ఉంటే కంటికి హాయని ఒక బొమ్మ గీసి పెట్టాడు.

వరుసల సంగతి అంతకన్నా కష్టమైంది. డ్రమ్ము భాగంలో వరుసకి నాలుగు కత్తెరలు కూడా లేవు; వాటిని పేజీ వెడల్పునా పరిస్తే ఎడారిలో పడేసినట్టుంది. క్లారినెట్ భాగంలో ఊపిరాడనంత ఇరుకు. చుక్కమ్మ మూడు ఆదివారాలు కూర్చుని, అంగుళంలో వందో వంతు జరుపుతూ, పద్నాలుగు భాగాల్నీ పదహారు వరుసల్లోకి తెచ్చింది. ఫాంటు ఫైల్లోనే ఉందో లేదో అచ్చాఫీసు కంప్యూటర్‌లో ఒకసారి, మందుల షాపువాళ్ళ కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసుకుంది. షాపతను తెర మీదికి వంగి, ఇది ఏ జబ్బుకని అడిగాడు.

చివరిసారి సరిచూస్తుంటే నిలువు గీతలతో విడదీసిన గడుల్లో ముప్పై నాలుగో దాంట్లో తప్పు దొరికింది. అక్కడ కత్తెర ఉండాలి, కవరు పడింది. ఈసారి కంప్యూటర్ కాదు, టైపు చేసేటప్పుడు ఆవిడే ఒక అంకె మార్చి కొట్టింది. మొదటి రోజు నుంచీ ఉన్న తప్పు. మావయ్యకి చెప్పింది, దిద్దేస్తున్నానని.

"వద్దు వద్దు," అన్నాడాయన కంగారుగా. "ఆ కవరు గురించి ముగ్గురు అడిగారు. వాళ్ళకి చెప్పేశాను."

"ఏమని చెప్పావు?"

"అది నా సొంత విషయమని."

ప్రూఫుల మనిషి చూసి చూసి తప్పుని వదిలెయ్యడం అదే మొదలు.

ప్రారంభోత్సవం రోజున పంపు హౌసు ముందు షామియానా వేశారు. చీఫ్ ఇంజినీరూ, అతిథులూ అక్కడ కూర్చున్నారు. బ్యాండు గేటు దగ్గర మొదలై, రెండు వందల అడుగులు నడిచి, షామియానా దాకా రావాలి. చుక్కమ్మ, మావయ్య మూడో వరుసలో కూర్చున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

కర్ర లేచింది. ఇరవై ముగ్గురూ ఒక్క మనిషిలా కుడివైపుకి తిరిగారు. వాయిస్తూ నడిచారు. రెండో వరుస మొదట్లో మళ్ళీ కుడి. ఎవరూ ఎవర్నీ తాకలేదు. చుక్కమ్మకి గుండె నిండిపోయింది. మూడో వరుస, కుడి. నాలుగో వరుస, కుడి. ఆ వరుస అయిపోయేసరికి బ్యాండు మొదలైన చోటే, గేటు దగ్గర, నిలబడి ఉంది. అప్పుడు గాని ఆవిడకి లెక్క తట్టలేదు. పదహారు వరుసలంటే నాలుగు చదరాలు. వీళ్ళు షామియానా దాకా ఎప్పటికీ రారు.

మావయ్య వైపు చూసింది. ఆయనకీ తట్టినట్టుంది.

రెండో చదరంలో చీఫ్ ఇంజినీరు మెడ చాచి చూశాడు. మూడో చదరంలో, వాళ్ళు రాకపోతే మనమే వెళ్ళాలి కాబోలని, లేచి గేటు వైపు నడిచాడు. పెద్దాయన లేచాక కూర్చుంటే బాగుండదని అతిథులంతా లేచారు. షామియానా మొత్తం ఖాళీ అయి గేటు దగ్గరికి చేరింది. సరిగ్గా అప్పుడే టెలిఫోను వచ్చింది. బెల్లు మోగింది. ట్యూబా ఆయన నోరు తెరిచేలోపే, అలవాటు కొద్దీ, చీఫ్ ఇంజినీరు "హలో" అన్నాడు. ఆ తర్వాతి టెలిఫోనుకి అతిథులు సగం మంది అన్నారు. చివరి దానికి అందరూ అన్నారు, ఒకావిడ చంకలోని పిల్లతో సహా. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ మార్చ్ జరుగుతున్నంతసేపూ ఎవరూ కుర్చీ జరుపుకోలేదు. జరుపుకోవడానికి కుర్చీలు దగ్గర లేవు.

పంపు హౌసుని తెరవడం అందరూ మర్చిపోతే, లోపల మోటారు దగ్గర కాచుకున్న ఆపరేటరు విసుగెత్తి తనే మీట వేసేశాడు.

జనం మావయ్య చుట్టూ చేరారు. చీఫ్ ఇంజినీరు ఆయన చెయ్యి పట్టుకుని, బ్యాండు ముందుకి రాకుండా ఉన్నచోటే తిరగడంలో మీ ఉద్దేశమేమిటని అడిగాడు.

"నేను ముప్పై నాలుగేళ్ళు వాల్వు తిప్పానండీ," అన్నాడు. "ఎప్పుడూ కుడివైపుకే."

చీఫ్ ఇంజినీరు తల ఊపాడు, ఏదో పెద్ద సంగతి విన్నట్టు. చుక్కమ్మకి తెలుసు, వాల్వు మూయడానికే కుడివైపు. తెరవాలంటే ఎడమవైపు తిప్పాలి. ఆ సంగతి అక్కడున్న ఇంజినీర్లందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

తర్వాత పదిహేను రోజుల్లో రెండు బ్యాండ్లవాళ్ళు, విద్యుత్ శాఖది ఒకటి, ఒక కాలేజీది ఒకటి, ఆ పీడీఎఫ్‌లు కావాలని రాశారు. చుక్కమ్మ కత్తెరల ప్రతినీ ద్రాక్షల ప్రతినీ కలిపి పంపింది, ఏది కావాలో వాళ్ళే చూసుకుంటారని. విద్యుత్ శాఖవాళ్ళు రెండూ వాయించి, మొదటి దాంట్లో లయ బాగుంది, రెండో దాంట్లో పాట బాగుంది అని జవాబు రాశారు. ఆ ఉత్తరాన్ని మావయ్య నాలుగుసార్లు చదివించుకున్నాడు. రెండో దాంట్లో పాట బాగుంది అన్న చోట ప్రతిసారీ ఆపి, మళ్ళీ ఒకసారి చదవమన్నాడు.

ఆ ఆదివారం ఆయన కుర్చీ తెచ్చుకుని కంప్యూటర్ పక్కన వేసుకున్నాడు. ఇంకో ముక్క ఏదో మనసులో తిరుగుతోందట, నెమ్మదిది, నడవక్కర్లేనిది. ఆ బొమ్మల ఫాంటులో ఇంకేమేం ఉన్నాయో ఒకసారి చూపించమన్నాడు. చుక్కమ్మ పట్టిక తెరిచింది. విమానం, గంట, పువ్వు, పెన్సిలు, గడియారం. మావయ్య భూతద్దం తీసుకుని ఒక్కో గడీ చూసుకుంటూ వెళ్ళి, ఒక చోట ఆగి, గొడుగు మీద వేలు పెట్టాడు.

"గొడుగు అంటే ఎలా వాయించాలి మావయ్యా?" అని అడిగింది ఆవిడ, కీబోర్డు మీద చేతులుంచి.

"ఇంకా తెలీదు," అన్నాడాయన. "ఉండు, చెబుతాను."